ముప్పై ఎనిమిది ఫైళ్లు

2023లో నేను బెంగళూరు పీణ్యలో ఒక మెషినింగ్ షాపులో అకౌంట్స్ చూసేదాన్ని. మాది హిందూపురం. ఓనరు చిత్తూరు వైపు మనిషి కావడంతో ఆఫీసులో సగం మాటలు తెలుగులోనే నడిచేవి. ఒక సోమవారం పొద్దున సార్ పిలిచి, మేం పార్టులు సప్లై చేసే పెద్ద కంపెనీ వాళ్లు నలభై అయిదు రోజుల్లో ఆడిట్‌కి వస్తున్నారని చెప్పారు. "క్వాలిటీ సంగతి నేను చూసుకుంటా. ఆ హెచ్‌ఆర్ కాగితాలేవో నువ్వు చూడమ్మా, ఎటూ జీతాలు వేసేది నువ్వే కదా" అన్నారు.

జీతాలు వేయడం వేరు, హెచ్‌ఆర్ వేరు అని అప్పటికి నాకూ తెలియదు.

ముందు బీరువా తెరిచాను. పనిచేసేవాళ్లం 38 మందిమి, ఫైళ్లు 21. మిగతావాళ్లవి ఆధార్ జిరాక్సులు, ఒక ప్లాస్టిక్ కవర్లో కుక్కి ఉన్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ ఉన్నది నలుగురికి. ఆ నలుగురిలో నేను లేను. ఒక హెల్పర్‌ని ఎప్పుడు చేరావని అడిగితే "పెద్ద వాన పడి రోడ్డు మునిగింది చూడండి మేడమ్, దానికి ముందు వారం" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తేదీ లేకపోతే పోయేది అతనికే. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, ఆ ఏడాది పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒకరోజు చొప్పున మరుసటి ఏడాది జీతంతో సెలవు వచ్చేది. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం: అప్పట్లో ఆఖరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది లెక్క. రెండింటికీ మొదలు ఆ చేరిన తేదీయే. గేటు రిజిస్టర్లు, బ్యాంకులో మొదటి జీతం పడిన నెల పక్కపక్కన పెట్టుకుని పది రోజులు అదే పని చేశాను.

లెటర్లలో హోదా, జీతం ఎలా విడిపోతుంది, పని గంటలు, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు, మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, ఇంతే రాశాను. ఇంటర్నెట్‌లో దొరికే ఆరు పేజీల లెటర్ ఎవడూ చదవడు. ఒకటిన్నర పేజీ చాలు. (2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరైంది. అప్పట్లో మా సార్‌కి మాత్రం "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు" అనిపించింది.)

అసలు తలనొప్పి పీఎఫ్. పేస్లిప్ చేతికిచ్చిన రోజే లేత్ మీద పనిచేసే రాయదుర్గం అన్న ఆఫీసులోకి వచ్చాడు. "నా దాంట్లో 1,800 పట్టుకున్నారు. కంపెనీ వేసింది 550 అని ఫోన్లో చూపిస్తోంది. మిగతాది ఎవరు తిన్నారు మేడమ్?" నాకు టెన్షన్ వచ్చింది, ఎందుకంటే నాకూ జవాబు తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. 15,000 మీద 12 శాతం అంటే 1,800 అతనిది. కంపెనీ కూడా 1,800 కడుతుంది, కాకపోతే అందులోంచి జీతం మీద 8.33 శాతం, అంటే 1,250, పెన్షన్ ఖాతాకి వెళ్తుంది. పీఎఫ్‌లో కనిపించేది మిగిలిన 550. మర్నాడు అన్నకి చలాన్ వెనకాల పెన్నుతో గీసి చెప్పాను. వింటున్నవాళ్లు ఇంకో ఆరుగురు.

అంతటితో అయిపోలేదు. అన్నకి రెండు యూఏఎన్‌లు (పీఎఫ్ నంబర్లు) ఉన్నాయి. పాత కంపెనీ వాళ్లు అడక్కుండానే కొత్తది తీశారు. పైగా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమై పేరు వెనక్కి పోయింది. కన్నడ పక్క పేరు వెనక వచ్చే అక్షరం చాలాసార్లు ఊరిదో తండ్రిదో అవుతుంది. మన ఇంటిపేరు సంగతి తెలియని క్లర్కు తనకు తోచినట్టు ఎక్కించేస్తాడు. మా దగ్గర పదకొండు మంది తెలుగువాళ్లలో ఏడుగురిదీ ఇదే కథ. కార్మికుడు, కంపెనీ ఇద్దరూ సంతకం పెట్టే జాయింట్ డిక్లరేషన్ ఇస్తే సరిదిద్దేవారు. అన్నది మొదటిసారి తిరిగొచ్చింది, పుట్టిన తేదీ కూడా కలవలేదని.

ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) తేలిగ్గానే అయింది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి ఉద్యోగి వంతు 0.75 శాతం, కంపెనీ వంతు 3.25. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ప్రతిచోటా ఉండాలి. ఆడవాళ్లం అయిదుగురమే. ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసే సీనియర్ అక్కని అధ్యక్షురాలిగా పెట్టాం. బయటి సభ్యురాలి కోసం మాత్రం చాలా తిరిగాను.

ఆడిట్ చెక్‌లిస్టులో 'ఉద్యోగులు మానేసే రేటు' అని ఒక గడి ఉంది. ఆరు నెలల్లో తొమ్మిదిమంది హెల్పర్లు వెళ్లిపోయారు. జీతం చాలకే అనుకున్నాం అందరం. నాకెందుకో అనుమానం వచ్చి ఫోన్లు చేశాను. అయిదుగురు ఎత్తారు. అందులో ముగ్గురిది ఒకటే మాట: "మూడు నెలల్లో మెషిన్ ఇస్తామన్నారక్కా. ఎనిమిది నెలలు చిప్స్, మెషిన్ కింద రాలే లోహపు ముక్కలు, ఎత్తడమే సరిపోయింది." అప్పుడు గోడ మీద ఒక చార్టు పెట్టించాను. ఒక్కో పేరు ఎదురుగా, ఒక్కో మెషిన్‌కి ఒక చిన్న సున్నా. పావు నింపితే నేర్చుకుంటున్నాడని, సగమైతే ఎవరైనా చూస్తుంటే చేస్తాడని, ముప్పావైతే ఒంటరిగా చేస్తాడని, నిండితే పక్కవాడికి నేర్పుతాడని అర్థం. సూపర్‌వైజర్ అన్న మొదట గొణిగాడు, "పిల్లకాయల ప్రోగ్రెస్ కార్డా ఇది?" అని. టీ టైములో హెల్పర్ కుర్రాళ్లు దాని ముందు నిలబడి తమ సున్నా వంకా పక్కవాడి సున్నా వంకా చూసుకోవడం మొదలయ్యాక ఊరుకున్నాడు. ఈ మొత్తం పనిలో నాకు హెచ్‌ఆర్ అనిపించింది ఇదొక్కటే. మిగతాదంతా గుమస్తా పని. ఆ గుమస్తా పని సరిగా లేకపోతే మాత్రం చార్టు ఎవడూ నమ్మడు.

ఆడిట్‌లో మూడు లోపాలు రాశారు. ఒకటి నా వైపుది: ఓవర్‌టైమ్ రిజిస్టర్‌లో రెండు వారాలకి సంతకాలు లేవు. నా లెటర్ నేనే టైప్ చేసుకుని సార్‌తో సంతకం పెట్టించుకున్నాను. హోదా దగ్గర ఆయన కాసేపు ఆలోచించి "అకౌంట్స్, హెచ్‌ఆర్" అని రాశారు. జీతం మాత్రం పాతదే.

రాయదుర్గం అన్న ఖాతాలు రెండూ ఒకటి కావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. పాస్‌బుక్‌లో మొత్తం ఒకేచోట కనబడిన రోజు ప్రింట్ తీసిమ్మన్నాడు. ఫోన్లో ఉంది కదన్నా అంటే, "ఫోన్ పోతుంది మేడమ్" అన్నాడు. రెండు కాపీలు తీయించుకుని, ఒకటి జేబులో పెట్టుకుని, రెండోది ఊళ్లో భార్యకి ఇవ్వాలని కవర్లో వేసి అంటించాడు.