అంగడిలో ముళ్ల చేప

హనుమకొండ, జనవరి, ఆదివారం రాత్రి

పొద్దున కొర్రమట్టల కోసం చేపల అంగడికి వెళ్లాను. ఎప్పుడూ నాకు చేపలిచ్చే అతను నన్ను చూడగానే తక్కెడ పక్కన పెట్టి, "టీచరమ్మా, ఇదొకసారి చూడండి" అంటూ గంప వెనక నుంచి బేసిన్ ఒకటి ముందుకు జరిపాడు. అందులో నల్లటి చేప. ఒళ్లంతా మచ్చలు. పొలుసులు ఉండాల్సిన చోట గట్టి పలకలు, రెక్కల మొదట్లో ముల్లు. నోరు ముందు కాకుండా అడుగున ఉంది. రాత్రి వలలో పడిందట. బేసిన్‌లో చుక్క నీళ్లు లేవు, అయినా బతికే ఉంది.

"వానాకాలం నుంచి ఇది నాలుగోది. పడినప్పుడల్లా వల చిరుగుతోంది. మావాళ్లు దెయ్యం చేప అంటున్నారు. చెరువుకు ఏదో కీడు వస్తుందని మా అమ్మ ఒకటే భయపడుతోంది" అన్నాడు.

ఆ పెద్దావిడ భయం వట్టిది కాదు. అయితే ఆ కీడు తెచ్చింది మనుషులే. ఇది దక్షిణ అమెరికా నదుల చేప, పేరు సకర్‌మౌత్ క్యాట్‌ఫిష్. గాజుతొట్టెలకు పట్టిన పాచిని తింటుందని చిన్నప్పుడు కొని తెచ్చుకుంటారు. పెరిగి తొట్టెలో పట్టకపోయేసరికి, చంపడానికి మనసొప్పక దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. పొట్టతో గాలి పీల్చుకోగలదు కాబట్టి నీళ్లు లేకపోయినా గంటల తరబడి చావదు. ఒంటి మీది పలకల వల్ల దీన్ని తినే జీవి మన చెరువుల్లో దాదాపు లేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. ఇది గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం – కాకతీయుల కాలం నుంచి మట్టికట్టల దయ వల్లనే పంట పండించుకున్న నేల మనది. ఆ మాట అతనికి చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది.

"మిగతా మూడూ ఏమయ్యాయి తమ్ముడూ?"

"గట్టు మీద పడేశాం టీచరమ్మా. కాకులు కూడా ముట్టలేదు."

తిరిగి నీళ్లలోకి వదలకపోవడం మంచిదే. కానీ ఆ మూడు ఏ నెలలో పడ్డాయి, ఎంతెంత పొడవున్నాయి, కడుపులో గుడ్లున్నాయా, అన్నీ ఒకే చెరువులోవా? ఇక ఎవరూ చెప్పలేరు. కొర్రమట్టలతో పాటు ఆ చేపను కూడా సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. డబ్బులు తీసుకోనన్నాడు. చిరిగిన వలకు సాయం అనుకోమని బలవంతంగా చేతిలో పెట్టాను.

మధ్యాహ్నం కాకినాడ నుంచి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. తెల్లవారి ఇసుకలో నడుస్తుంటే చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు కనిపించిందట, ఫోటో పంపాడు. మెడ వాలిపోయి, కళ్లు సగం మూసుకుని ఉంది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇది అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు దగ్గరగా వచ్చే కాలం. తాబేలుకు మొప్పలు ఉండవు, ఊపిరితిత్తులే. మధ్యమధ్య పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. ట్రాలర్ లాగుతున్న వలలో చిక్కుకుంటే పైకి వచ్చే దారే లేదు. సముద్రంలో బతికే ప్రాణి సముద్రంలోనే మునిగి చనిపోతుంది. దీనికి ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. వల మెడలో చువ్వల చట్రం బిగించి, దాని దగ్గర ఒక కిటికీ విడుస్తారు. రొయ్యలు, చేపలు చువ్వల సందుల్లోంచి వల చివరికి వెళ్తాయి, తాబేలు కిటికీలోంచి బయటపడుతుంది. దాంతో పాటు కొంత చేప కూడా పోతుందని వేటకు వెళ్లేవారి దిగులు. ఆ నష్టాన్ని వాళ్ల నెత్తిన మాత్రమే వేసి మనం తాబేళ్ల కోసం కన్నీళ్లు పెట్టుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

"పాతిపెట్టేస్తారు మేడం, నేను ఏమి చేయను?" అన్నాడు.

"ముందు అటవీ శాఖకు చెప్పు. వాళ్లు వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వకు, నువ్వూ ముట్టకు. పక్కన టేపు పరిచి పెంకు పొడవు కొలువు. తెడ్లలాంటి ఈత కాళ్ల మీద వల కోసిన గుర్తులున్నాయేమో చూడు. తేదీ, చోటు రాసుకో" అన్నాను.

ఇవన్నీ ఎందుకని అతను అడగలేదు. అడిగి ఉంటే మనప్పాడు సంగతి చెప్పేదాన్ని. తమిళనాడులో తూత్తుకుడి జిల్లా తీరంలోని ఊరు అది. 1973 జనవరిలో అక్కడ 147 పైలట్ తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ లెక్క అప్పుడే ఎవరో ఓపికగా రాసిపెట్టారు. 43 ఏళ్ల తరువాత, 2016లో, మళ్లీ జనవరిలోనే, మళ్లీ ఆ తీరంలోనే 81 తిమింగలాలు వచ్చాయి. జాలరులు తోసి సముద్రంలోకి పంపితే కొన్ని తిరిగి ఒడ్డుకే వచ్చాయట. అవి గుంపును వదలని జీవులు. 45 చనిపోయాయి. ఆ పాత లెక్క లేకపోతే రెండోసారి వచ్చినదాన్ని కూడా ఎన్నడూ లేని వింత అనుకుని మరిచిపోయేవాళ్లం. అదే నెల, అదే తీరం ఎందుకన్న ప్రశ్న పుట్టేదే కాదు.

సాయంత్రం వదిన ఓర్ ఫిష్ వీడియో పంపింది. అది లోతు సముద్రంలో బతికే పొడవాటి చేప, ఒడ్డున కనిపిస్తే భూకంపం వస్తుందని కొందరి నమ్మకం. అందుకే కంగారుపడింది. జపాన్‌లో 1928 నుంచి 2011 వరకు లోతు సముద్రపు చేపలు ఒడ్డున కనిపించిన సందర్భాలను భూకంపాలతో పోల్చి చూశారని, సంబంధం లేదని 2019లో తేల్చారని చెప్పాను. కాస్త కుదుటపడింది.

వంట చేస్తున్నంతసేపూ మాత్రం మనసు సీలకాంత్ మీదే ఉంది. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో, ట్రాలర్ తెచ్చిన చేపల కుప్పలో, అక్కడి మ్యూజియం చూసుకునే మార్జరీ కోర్ట్నీ-లాటిమర్ కంట పడిన నీలి చేప అది. ఆరు కోట్ల ఏళ్లకు పైగా క్రితమే అంతరించిందనుకున్న వంశం. ఆమె బొమ్మ గీసి చేపల శాస్త్రవేత్త జె.ఎల్.బి. స్మిత్‌కు పంపింది. ఆయన వచ్చి చూసేసరికి లోపలి అవయవాలు పారేయడం అయిపోయింది. రెండో చేప దొరకడానికి 1952 దాకా, 14 ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఆ చేప చుట్టమొకటి మన ప్రాణహిత–గోదావరి లోయలోని జురాసిక్ కాలపు రాళ్లలో కూడా శిలాజంగా దొరికింది. దానికి ఇండోసీలకాంతస్ అని పేరు పెట్టారు. కాళేశ్వరం వెళ్లినప్పుడల్లా ఆ నీళ్ల వైపు చూస్తూ నాకు అదే గుర్తొస్తుంది.

రాత్రి పక్కింటి పిల్లలిద్దరినీ పిలిచి ముళ్ల చేపను స్కేలు పక్కన పెట్టించాను. 34 సెంటీమీటర్లు. పాత రిజిస్టరు ఒకటి తీసి గీతలు కొట్టాను: తేదీ, చెరువు, పొడవు, బరువు, కడుపులో గుడ్లు. చివరి గడి రేపు బడిలో, తొమ్మిదో తరగతి పిల్లల ముందు కోసి చూశాక నింపాలి. ప్రస్తుతానికి చేప ఐసు పెట్టెలో ఉంది. పైన మొదటి మూడు వరుసల్లో 'చేప దొరికింది, వివరాలు లేవు' అని రాశాను.

పడుకోబోయే ముందు కాకినాడ నుంచి సందేశం వచ్చింది. "అటవీ శాఖ వాళ్లు వచ్చారు మేడం. పెంకు 66 సెంటీమీటర్లు. కుడి తెడ్డు మీద తాడు కోసిన గుర్తు ఉంది." కాకినాడ మన చెరువు కాదు. అయినా పేజీ తిప్పి అది కూడా రాసుకున్నాను.