గాలి పుట్టించే సర్వేలు

2019 ఎన్నికల ముందు మా నాన్నకి ఒక ఫోనొచ్చింది. మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. ఫలానా పథకం మీకు అందిందా, అందితే 1 నొక్కండి, ఇంకో పథకం అందిందా, 1 నొక్కండి, ఇలా నాలుగు పథకాల పేర్లు వరసగా చదివి చివర్లో మీ ఓటు ఎవరికి అని అడిగింది. నాలుగుసార్లు 1 నొక్కిన మనిషి ఐదోసారీ అదే నొక్కేసి, ఫోన్ పెట్టేశాక "అరే, మనం వేసేది వాళ్ళకి కాదు కదా" అన్నాడు. రికార్డు గొంతు దగ్గర కూడా మొహమాటమే ఆయనకి!

ప్రశ్నలు అడిగే వరసలోనే సగం పని అయిపోతుంది. మిగతా సగం సీట్ల లెక్కలో. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ-బీజేపీ కూటమికీ వైసీపీకీ ఓట్ల తేడా 2 శాతం అటూ ఇటూ. సీట్లేమో 106, 67. సర్వే అన్నాక 3 శాతం దాకా తప్పు పోవచ్చని చేసేవాళ్ళే ఒప్పుకుంటారు కదా, అంటే ఆ 3 శాతంలోనే ఎవరిని కావాలంటే వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టొచ్చన్నమాట. టీవీలో మాత్రం పెద్ద అక్షరాల్లో సీట్లే. ఎంతమందిని అడిగారు, ఎందరు "ఇంకా ఏమీ అనుకోలేదు" అన్నారు, డబ్బులెవరిచ్చారు, ఇవి ఎక్కడో అడుగున వేసినా చదివేలోపు యాడ్ వచ్చేస్తుంది.

ఓటరు అంత అమాయకుడా అంటారేమో. కాడు. కానీ "ఓడిపోయేవాడికేసి ఓటు వేస్ట్ చేసుకోవడం ఎందుకు" అనే మాట ప్రతి టీ కొట్టు దగ్గరా వినపడుతుంది. పైగా నన్నడిగితే ఈ సర్వేల గురి ఓటరు మీద కన్నా, పార్టీ మారదామా అని ఊగుతున్న లీడరు మీద, చందా ఎవరికివ్వాలో చూసుకుంటున్న కాంట్రాక్టరు మీద, నీరసపడిన కార్యకర్త మీద ఎక్కువ. వాళ్ళు కదిలితే గాలి దానంతటదే పుడుతుంది.

చట్టం ఉంది. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు టీవీలో సర్వేలు వేయకూడదు, ఎగ్జిట్ పోల్స్ అయితే ఆఖరి దశ అయ్యేదాకా ఆగాలి. దానికి ముందు నెలల తరబడి ఎంత గాలి కొట్టినా అడ్డు లేదు. ఓట్లన్నీ పడ్డాక వచ్చేవి కూడా ఊరికే పోవు, 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరి, మర్నాడు కౌంటింగ్ రోజు 4,300కి పైగా పడింది.

2019లో ఎన్నికల సర్వేలు చేసే మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ టీడీపీకి 100, వైసీపీకి 72, కాస్త అటూ ఇటూ అన్నారు. వచ్చినవి 23, 151. ఆయన ఇక సర్వేలు చేయనన్నారు, అది మెచ్చుకోవాలి, చానెళ్ళలో అలా అన్నవాళ్ళని నేను చూడలేదు.

2024లో ఆ గొంతు మళ్ళీ ఫోన్ చేసింది. నాన్న భయపడి ఫోన్ అమ్మకిచ్చేశాడు. "ఎవరు బాబూ, ఎవరు కావాలి?" అని అమ్మ అడుగుతూనే ఉంది, అటు నుంచి 1 నొక్కండి, 2 నొక్కండి అంటూనే ఉంది, చివరికి దానంతటదే కట్ అయింది.