బ్లడ్ బ్యాగులు ఎన్నున్నాయని కాదు, ఎన్ని రోజులున్నాయని చూడాలి: నా అనుభవం

హన్మకొండలో ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పోయిన ఎండాకాలం ములుగు వైపు మేం రక్తం పంపే ఒక చిన్న స్టోరేజ్ యూనిట్‌కి వెళ్లి ఫ్రిజ్ తెరిస్తే, పై అరలో మూడు ఓ పాజిటివ్ బ్యాగులు, లేబుల్ మీద గడువు ముందురోజే అయిపోయింది. ఆ వారమే మా కౌంటర్ దగ్గర ఓ పాజిటివ్ లేదని ఒక కాన్పు కేసు వాళ్లను వేరే చోటికి పంపాం. ముగ్గురు చెయ్యి చాపి ఇచ్చిన రక్తం అది.

"అన్నా, ఇక్కడ నెలకు నాలుగైదు కంటే ఎక్కువ పోవు, మీరేమో వచ్చినప్పుడల్లా పది పెట్టిపోతరు" అన్నది అక్కడి సిస్టర్.

తప్పు మాదే. సీపీడీఏ (రక్తం గడ్డకట్టకుండా, పాడవకుండా కాపాడే ద్రావణం) ఉన్న బ్యాగులో రక్తం 35 రోజులుంటుంది, సాగ్‌ఎం అనే ఇంకో ద్రావణం కలిపిన ఎర్రకణాలైతే 42 రోజులు. ముందు తీసింది ముందు పంపాలనే అలవాటు కొద్దీ మేం పాత బ్యాగులన్నీ దూరం ఊళ్లకే ఎక్కించేవాళ్లం. అంటే నెమ్మదిగా ఖర్చయ్యే చోటికి తక్కువ రోజులున్న రక్తం, రోజూ అడిగేవాళ్లుండే సిటీలో కొత్తది! వాడని బ్యాగులు గడువుకు కనీసం 10 రోజుల ముందే వెనక్కిచ్చి కొత్తవి తీసుకోవాలని స్టోరేజ్ సెంటర్ల మార్గదర్శకాల్లోనే ఉంది, మేమే పట్టించుకోలేదు.

మూడు నెలల రిజిస్టర్లు ముందేసుకుని ఏ ఊళ్లో ఏ గ్రూపు ఎంత పోతుందో రాశాను. కొత్త బ్యాగులు దూరానికి పంపుదాం, 15 రోజులు మిగిలాయంటే అదే బండిలో వెనక్కి తెద్దాం అన్నాను. మా డాక్టర్ మేడం వెంటనే ఒప్పుకోలేదు. "తిరిగొచ్చిన బ్యాగు మధ్యలో వేడెక్కలేదని నువ్వు సంతకం పెడతావా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఫ్రిజ్‌లో 2 నుంచి 6 డిగ్రీలు, దారిలో 10 దాటకూడదు. అందుకే డబ్బాలో థర్మామీటర్ పెట్టాం, ఐస్ ప్యాక్ నేరుగా తగిలితే కణాలు గడ్డకట్టి పగిలిపోతాయి కాబట్టి మధ్యలో అట్ట పెట్టాం, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసి ఉన్న చార్టు లేకుండా బ్యాగు తీసుకోవద్దనుకున్నాం.

మొదటి నెలలోనే దెబ్బ తగిలింది. ఒక రాత్రి కరెంటు పోయింది, చార్టులో ఆ గంటలు ఖాళీగా ఉన్నాయి. రెండు బ్యాగులు చూడ్డానికి బాగానే ఉన్నాయి, పైన తేలిన ప్లాస్మాలో, కణాలు పగిలితే కనిపించే ఎరుపు జాడ కూడా లేదు, అయినా రుజువు లేకుండా పేషెంటుకు ఎలా ఎక్కిస్తాం? పారేశాం. చాలా బాధేసింది, కానీ అక్కడ రాజీ పడితే ఈ పద్ధతికి అర్థమే లేదు.

క్యాంపుల సంగతి ఇంకా కష్టం. ఒకే రోజు రెండొందల బ్యాగులు వస్తే అందరూ చప్పట్లు కొడతారు, వాటి గడువు కూడా ఒకేసారి ముంచుకొస్తుంది, మే నెలలో కాలేజీలు మూసేశాక ఇచ్చేవాళ్లుండరు. రెండు వారాలకోసారి యాభై చాలని అడిగితే కొన్ని కాలేజీలు ఒప్పుకున్నాయి. ప్లేట్‌లెట్లు ఈ లెక్కలోకి రావు, వాటి ఆయుష్షే ఐదు రోజులు, డెంగీ సీజన్‌లో వాటికి దాతల ఫోన్ లిస్టే ఆధారం.

మొన్న మంగళవారం ఆ ఫ్రిజ్ నుంచే నాలుగు ఓ పాజిటివ్ తిరిగొచ్చాయి. గడువు ఇంకా 14 రోజులుంది. చార్టు చూసి, ఒక్కో బ్యాగు తిప్పి చూసి, ముందు అరలో పెట్టాను. సాయంత్రానికి రెండు కాన్పు వార్డుకు పోయాయి, మిగతా రెండు తెల్లారేలోపు ఒక యాక్సిడెంట్ కేసుకు.