ఎర్ర గోడ మీద రెండు మాటలు

బర్మింగ్‌హామ్‌లో రైలెక్కి మూడు గంటలు కూర్చుంటే అబెరిస్ట్‌విత్. బ్రిటన్‌లోని వేల్స్ పడమటి తీరంలో ఉంది, అక్కడితో పట్టాలు ఆఖరు. రోడ్ల మీద పెద్ద పెద్ద తెల్లక్షరాలతో ‘అరవ్’ అని రాసి ఉంది. అరవొద్దనేమో అనుకున్నా. మెల్లగా వెళ్లమనట.

నేను వచ్చింది ఒక గోడను చూడ్డానికి. దక్షిణంగా బస్సులో వెళ్తే లాన్‌రస్టిడ్ ఊరి దగ్గర, మెయిన్ రోడ్డు పక్కనే. వాహనాలు దూసుకుపోతుంటే నడవడం కాస్త టెన్షనే. తీరా చూస్తే పాడుబడ్డ ఇంటి మొండిగోడ. రాళ్ల మీద ఎర్ర రంగు, దాని మీద వంకరటింకర తెల్లక్షరాలు: ‘కోవ్యుఖ్ ద్రవెరిన్’. త్రవెరిన్‌ను మరవకండి అని.

త్రవెరిన్ ఒక లోయ. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి నీళ్ల కోసం అక్కడ రిజర్వాయర్ కట్టడానికి 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరూ అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా 1965కల్లా కాపెల్ కెలిన్ అనే పల్లె బడి, చర్చి, పోస్టాఫీసుతో సహా మునిగింది. ఊరంతా వేల్స్ సొంత భాష వెల్ష్ మాట్లాడేవాళ్లే. ముంపు గ్రామం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మొదట ఆ గోడ మీద ‘త్రవెరిన్’ అనే రాశారట. వాళ్ల వ్యాకరణంలో అక్కడ ‘త’ కాస్తా ‘ద’ కావాలి. తల్లి పక్కన చేరగానే తండ్రి ‘దండ్రి’ అయినట్టు! ఆ ఒక్క అక్షరంతో ఆ భాష నాకు చుట్టమైపోయింది.

సాయంత్రం అబెరిస్ట్‌విత్‌లో త్రెవెఖాన్ వంతెన మీద నిలబడ్డాను. కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వాలని 1963 ఫిబ్రవరిలో కుర్రాళ్లు బైఠాయించింది ఇక్కడే. తర్వాత వెల్ష్ భాష కోసం 1967లో ఒక చట్టం, 1993లో ఇంకొకటి. వెల్ష్ టీవీ చానల్ ఇస్తామన్న మాట తప్పితే ఆమరణ దీక్ష చేస్తానని 1980లో వెల్ష్ జాతీయవాద నేత గ్విన్‌వోర్ ఎవాన్స్ అన్నాక థాచర్ ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో చానల్ మొదలైంది. 2011లో వేల్స్‌లో వెల్ష్‌కి అధికార హోదా. ఇన్ని గెలిచినా 2021 లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతమే, అంతకు పదేళ్ల ముందుకన్నా తక్కువ. 2050కి పది లక్షల మంది కావాలన్నది వేల్స్ ప్రభుత్వ లక్ష్యం. హోదా తెచ్చుకోవడం వేరు, ఇంట్లో మాట్లాడించడం వేరు.

కెఫేలో అమ్మాయి చొక్కా మీద నారింజ రంగు బ్యాడ్జి. అది ఉంటే వెల్ష్‌లో పలకరించొచ్చని గుర్తు. ధైర్యం చేసి ‘డియోల్ఖ్’ అన్నాను, థాంక్స్ అని. ‘ఖ’ గొంతు లోపలి నుంచి రావాలంటూ మూడుసార్లు అనిపించింది. మూడోసారికి తలూపింది. బిల్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే వచ్చింది.