స్టేక్‌హోల్డర్ థియరీని నేను బీఆర్‌ఎస్‌ఆర్ ఫారంలో చదివాను

నెట్ మేనేజ్‌మెంట్‌కి చదివేవాళ్లయినా, ఆర్బీఐ గ్రేడ్ బీకి చదివేవాళ్లయినా, స్టేక్‌హోల్డర్ థియరీ (కంపెనీ వాటాదారులనే కాదు, దాని పనివల్ల ప్రభావితమయ్యే అందరినీ పట్టించుకోవాలనే సిద్ధాంతం) రాగానే, దాన్ని ప్రతిపాదించిన ‘ఫ్రీమన్, 1984’ అని నోట్స్‌లో రాసుకుని ముందుకెళ్లిపోతారు. బిట్‌కి అది చాలు. ‘ఈ సిద్ధాంతం సస్టెయినబిలిటీ రిపోర్టింగ్‌ని (కంపెనీలు సమాజం, పర్యావరణం గురించి ఇచ్చే నివేదికలని) ఎలా మలిచింది’ అని డిస్క్రిప్టివ్‌లో అడిగితే మాత్రం రెండో వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోతుంది.

నాకు పనికొచ్చింది గైడ్లు కాదు, సెబీ 2021 మేలో ఇచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్) ఫార్మాట్. సెక్షన్ సీలో నాలుగో ప్రిన్సిపుల్ తీయండి. అక్కడో పట్టిక ఉంటుంది: కంపెనీ గుర్తించిన వర్గాలేవి, వాళ్లతో ఏ మార్గంలో మాట్లాడుతోంది, ఎన్నాళ్లకోసారి, దేని గురించి. వీటి మధ్యలోనే ఇంకో గడి ఉంది. ఆ వర్గం బలహీన, అట్టడుగు వర్గమా? అవును లేదా కాదు అని రాయాలి.

ఈ గడి పక్కన మిచెల్, ఆగ్లే, వుడ్‌ల 1997 మోడల్ (మేనేజర్లు ఏ వర్గాన్ని ఎంత పట్టించుకుంటారో చెప్పేది) పెట్టి చూడండి. అధికారం, న్యాయబద్ధత, అత్యవసరం అని మూడు లక్షణాలు. గని పక్క ఊరివాళ్లకు చివరి రెండూ ఉండొచ్చు, అధికారం మాత్రం ఉండదు. ఆ మోడల్ వీళ్లని డిపెండెంట్ స్టేక్‌హోల్డర్లంటుంది. మేనేజర్ కంట వాళ్లంతట వాళ్లు పడరు కాబట్టి ఫారమే అడుగుతోందని నా లెక్క. ఈ ఒక్క పాయింట్ రాస్తే పేపర్ దిద్దేవాళ్లకి మీరు ఫారం తెరిచి చూశారని తెలిసిపోతుంది. ఎన్‌ఎండీసీ, డాక్టర్ రెడ్డీస్ లాంటి మన హైదరాబాద్ కంపెనీల వార్షిక నివేదికలు తీసి, ఆ గడి ఎలా నింపారో పోల్చి చూడండి. గంటలో అయిపోయే పని.

మిగతా స్టాండర్డ్స్‌కి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ రిపోర్ట్ ఎవరి కోసం? జీఆర్‌ఐ (గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్) అయితే కంపెనీ వల్ల మనుషులకి, పర్యావరణానికి, ఆర్థిక వ్యవస్థకి ఏమవుతోందో చెప్పమంటుంది. 2023 జూన్‌లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్1, ఎస్2 పెట్టుబడిదారుల వైపు నిలబడ్డాయి. యూరప్ ఈఎస్‌ఆర్‌ఎస్ (యూరోపియన్ సస్టెయినబిలిటీ రిపోర్టింగ్ స్టాండర్డ్స్) రెండు వైపులా చూస్తుంది, డబుల్ మెటీరియాలిటీ అంటే అదే. మన దేశపు వరస మాత్రం కంఠతా పట్టాల్సిందే: 2011 ఎన్‌వీజీ (నేషనల్ వాలంటరీ గైడ్‌లైన్స్), 2019లో తొమ్మిది ప్రిన్సిపుల్స్‌తో ఎన్‌జీఆర్‌బీసీ (నేషనల్ గైడ్‌లైన్స్ ఆన్ రెస్పాన్సిబుల్ బిజినెస్ కాండక్ట్), 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్ తప్పనిసరి.

కంపెనీల చట్టం 2013లో ఒక మెలిక ఉంది. సెక్షన్ 166(2) డైరెక్టర్లని ఉద్యోగుల, సమాజ, పర్యావరణ ప్రయోజనాలూ చూడమంటుంది. సెక్షన్ 178 కింద వేసే స్టేక్‌హోల్డర్స్ రిలేషన్‌షిప్ కమిటీ, పేరు అంత పెద్దదైనా, చూసేది షేర్లు, డిబెంచర్ల వంటి సెక్యూరిటీలు ఉన్నవాళ్ల ఫిర్యాదులే. ఆ కమిటీ మీద ప్రశ్నొచ్చి, ఆప్షన్లలో ‘కస్టమర్లు’, ‘ఉద్యోగులు’ కనిపిస్తే చెయ్యి అటు పోనివ్వకండి.