కిందికి చూడకు మావయ్యా

శనివారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున్నే ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. పైన సబ్జెక్ట్ చదవగానే గుండె జారింది. తెరవకుండానే ఫోన్ బోర్లించి పెట్టేశాను. అంతలో అక్క వాళ్ల అబ్బాయిని తీసుకొచ్చి, "సాయంత్రందాకా చూసుకోరా, నాకు పనుంది" అని దింపి వెళ్లిపోయింది. వాడికి ఆరేళ్లు. ముక్కు కారుతోంది, బయటికి పంపొద్దని ఆర్డర్. ఇక మిగిలింది టీవీయే.

వాడు చూసే కొత్త కార్టూన్లలో ఎవరో ఒకరు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూనే ఉంటారు. పావుగంటకే నాకు తల వాచిపోయింది. "నీ అంత ఉన్నప్పుడు నేను చూసినవి పెడతాను, చూస్తావా?" అన్నాను. "పాతవా?" అని మూతి ముడిచాడు.

టామ్ అండ్ జెర్రీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన 'ద క్యాట్ కన్సర్టో' పెట్టాను. 1947లో విడుదలైంది, ఆస్కార్ కూడా వచ్చింది. హన్నా, బార్బెరా తీసిన ఈ వరుసకు మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఈ సంగతి చెబితే మావాడు "అయితే?" అన్నాడు. నిజమే, అయితే ఏంటి!

కథ ఒక్క ముక్కలో అయిపోతుంది. టామ్ కోటు తొడుక్కుని దర్జాగా వేదిక మీదికొచ్చి, పియానో మీద ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడి 'రెండో హంగేరియన్ రాప్సొడీ' వాయించడం మొదలుపెడతాడు. ఆ పియానో లోపల జెర్రీ నిద్రపోతుంటాడు. నిద్ర చెడగొట్టినందుకు గొడవ మొదలవుతుంది. ఎంత గొడవైనా టామ్ కచేరీ ఆపకూడదు, ఎదురుగా జనం ఉన్నారు మరి. చివరికి టామ్ సొమ్మసిల్లి పడిపోతే చప్పట్లన్నీ జెర్రీ కొట్టేస్తాడు. ఒక్క మాట కూడా ఉండదు. ఏ భాష పిల్లాడైనా చూడొచ్చు.

ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. అందుకే ఈసారి తెరను వదిలేసి మావాడి మొహం చూస్తూ కూర్చున్నాను. వాడు దెబ్బ తగిలినప్పుడు నవ్వుతాడనుకున్నాను. కాదు. దెబ్బ తగలబోయే ముందు నవ్వుతున్నాడు! టామ్ వేళ్ల మీద ఏదో పడబోతోందని టామ్‌కి తెలిసిన క్షణంలో, ఆ పిల్లి కళ్లు పెద్దవయ్యే ఆ అర సెకనులో, మావాడికి నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది. దెబ్బ పడేసరికి ఆ నవ్వు సగం అయిపోయి ఉంటోంది. ఇన్నేళ్లు చూస్తూ నేనిది గమనించలేదు.

అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టింది. ల్యాప్‌టాప్‌లో పెట్టి ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ చూడటం మొదలుపెట్టాను. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. పరుగులు, దెబ్బలు ఉన్నచోట ఫ్రేముకొకటి గీయాలి. ఏడు నిమిషాల కార్టూన్ అంటే 10,080 ఫ్రేములు. రెండేసి చొప్పున లెక్కేసినా 5,040 బొమ్మలు, అన్నీ చేత్తో గీసినవే. అవి కూడా ఒక్కో పాత్రకు విడివిడిగా! వాటిని సెల్ అనే పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్ షీటు మీదికి ఎక్కించి, రంగులు వేసి, ఒక్కొక్కటిగా కెమెరా కింద పెట్టి ఫోటో తీయాలి. ఏడు నిమిషాల అల్లరి వెనక అంత ఓపిక ఉందన్నమాట.

ఫ్రేములు ఆపి చూస్తుంటే వింతలు కనిపిస్తాయి. వేగంగా కదిలేచోట ఆపితే ఒక చెయ్యి నాలుగు చేతులవుతుంది, మొహం సాగదీసిన రబ్బరులా ఉంటుంది. ఆ బొమ్మ విడిగా చూస్తే భయంగా ఉంది. మావాడైతే "ఈయనకి గీయడం రాదా?" అన్నాడు. మళ్లీ మామూలు వేగంతో నడిపిస్తే అదే బొమ్మ చక్కగా కదలికలో కలిసిపోయింది. కన్ను ఎక్కడ మోసపోతుందో లెక్క తెలిసినవాడు గీసిన తప్పు అది.

తరువాత ఒక ప్రయోగం చేశాం. సౌండ్ ఆపేసి చూశాం. సగం ప్రాణం పోయింది. టామ్ అండ్ జెర్రీకి సంగీతం కూర్చిన స్కాట్ బ్రాడ్లీ గొప్పతనం అప్పుడు తెలిసింది. మాటలు లేనిచోట ఆ వాద్యాలే అడుగులు వేస్తాయి, తొంగి చూస్తాయి, జారిపడతాయి. సౌండ్ లేని లోటు మావాడే తీర్చాడు. టామ్ తోక తలుపులో పడినప్పుడల్లా వాడే కేకలు పెట్టాడు. ఆ అసలు కేక దర్శకుల్లో ఒకరైన విలియం హన్నా సొంత గొంతేనట్రా అంటే, వాడికి ఆస్కార్ల కన్నా అదే గొప్పగా అనిపించింది. "పెద్దాయన అలా అరిచాడా?" అని నాలుగుసార్లు అడిగాడు.

అన్నీ పెట్టలేదులెండి. కొన్ని దాటించాను. పేలుడు తర్వాత మొహం నల్లబరిచి నల్లజాతివాళ్లను చేసే ఎగతాళి, మొహం చూపించకుండా నల్లజాతి పనిమనిషిని గీసిన తీరు ఇప్పుడు నాకు మింగుడుపడవు. చిన్నప్పుడు అవేమీ తెలియకుండా నవ్వాను. ఎప్పుడో ఒకప్పుడు వాడికి విడమరిచి చెప్పాలి. ఈ రోజు మాత్రం వాడి ముక్కు తుడవడంతోనే సరిపోయింది.

మధ్యాహ్నం నిద్ర పుచ్చుదామని 1928 నాటి మిక్కీ మౌస్ కార్టూన్ 'స్టీమ్‌బోట్ విల్లీ' పెట్టాను. నలుపు తెలుపుల్లో ఉంటుంది కదా, కళ్లు మూతలు పడతాయనుకున్నా. మేక సంగీతం కాగితాలు తినేయడం, దాని తోక పట్టుకుని తిప్పితే నోట్లోంచి పాట రావడం చూసి లేచి కూర్చున్నాడు. నా నిద్ర కూడా పోయింది.

ఇక రోడ్ రన్నర్. అసలు డైరీ రాయాలనిపించింది దీని గురించే. చక్ జోన్స్ దర్శకుడు, మైకేల్ మాల్టీస్ రచయిత, మొదటిది 1949లో వచ్చింది. ఎడారిలో ఒక కయోటి (బక్కచిక్కిన తోడేలు అనుకోండి), దానికి ఎప్పటికీ దొరకని ఒక పక్షి. కయోటి ఆక్మీ అనే కంపెనీ నుంచి రాకెట్లు, స్ప్రింగులు తెప్పించుకుంటుంది. అన్నీ దానికే ఎదురుతిరుగుతాయి. ఈ వరుసకు తాము పెట్టుకున్న నియమాలంటూ జోన్స్ తరువాత కొన్ని రాశాడు. మాల్టీస్ మాత్రం అలాంటి నియమాలు తానెప్పుడూ వినలేదన్నాడట! నాకు నచ్చిన నియమం ఒకటుంది: కయోటి ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు, మొండిఘటం కాకపోయుంటే.

పరుగెత్తి పరుగెత్తి కొండ అంచు దాటి గాల్లోకి వెళ్లిపోతుంది. పడదు. కాలితో కింద తడుముతుంది. ఏమీ తగలదు. మన వైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపులో కోపం లేదు, భయం కూడా పెద్దగా లేదు. "మళ్లీనా" అన్నట్టు ఉంటుంది. అప్పుడు పడుతుంది. పడటాన్ని పైనుంచి చూపిస్తారు. చిన్నదై, ఇంకా చిన్నదై, చుక్కై, చివర ఇంత దుమ్ము లేస్తుంది. చప్పుడు కూడా ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది. పడటంలో నవ్వేముంది? నవ్వంతా ఆ చూపులో ఉంది. ఆ చూపును ఎన్ని ఫ్రేములు నిలపాలో జోన్స్‌కి తెలుసు. ఇంకొంచెం తొందరపడితే అది వట్టి ప్రమాదం, ఇంకొంచెం సాగదీస్తే విసుగు. ఈ మధ్య వచ్చేవాటిలో నాకు దొరకనిది ఈ ఆగడమే. ఎవరూ ఒక్క క్షణం ఊరుకోరు.

మావాడు నాలా ఫ్రేములు లెక్కపెట్టలేదు. సూటిగా అడిగాడు. "మావయ్యా, అది కిందికి చూడకపోతే పడదు కదా?"

"పడదు."

"మరి ఎందుకు చూస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. మాట మార్చడానికి 1953లో జోన్సే తీసిన 'డక్ అమక్' పెట్టాను. డాఫీ డక్ అనే బాతు నిలబడ్డ చోట వెనకున్న దృశ్యాన్ని ఎవరో చెరిపేస్తుంటారు, దాని ఒంటిని, గొంతును కూడా మార్చేస్తుంటారు. అది ఆ గీసేవాడితో గొడవపడుతుంది. డాఫీకి గొంతిచ్చిన మెల్ బ్లాంక్ మాటల్లోని ఉడుకుమోత్తనం చాలు, మాట అర్థం కాకపోయినా. గీసేది ఎవరో చివర్లో తెలుస్తుంది, చూడనివాళ్ల కోసం చెప్పను. మావాడు లేచి వెళ్లి టీవీ వెనకాల చూసొచ్చాడు.

టీవీ కోసం తక్కువ ఖర్చుతో తీసినవాటి మీద నాకంత ప్రేమ లేదు. ఒక్క యోగి బేర్ అనే ఎలుగుబంటి మాత్రం మినహాయింపు. వాడి మెడకు ఆ కాలరు, టై ఎందుకున్నాయో పెద్దయ్యాక తెలిసి భలే నవ్వుకున్నాను. కాలరు దగ్గర గీత కలిసిపోతుంది కనుక ఒళ్లు అలాగే ఉంచి తలకాయ ఒక్కటే మార్చి గీస్తే సరిపోతుంది. నేను దాన్ని వాడి షోకు అనుకునేవాణ్ణి.

సాయంత్రం అక్క వచ్చేసరికి వాడు సోఫా చేతి మీద నిలబడి, ఒక కాలు గాల్లో పెట్టి, తల పైకెత్తి ఉన్నాడు. అక్క కెవ్వుమంది. "అరవకమ్మా, నేను కిందికి చూడట్లేదు" అన్నాడు వాడు. నేను వెళ్లి చంకలో ఇరికించుకుని దింపాను. "ఒక్కపూట అప్పజెబితే వీడికి నేర్పింది ఇదేనా!" అని నాకు అక్షింతలు పడ్డాయి. వెళ్తూ గుమ్మం దగ్గర నాకు మాత్రమే వినబడేలా, "నువ్వు కూడా కిందికి చూడకు మావయ్యా" అన్నాడు.

పదకొండున్నర కావస్తోంది. ఫోన్ పొద్దున పెట్టిన చోటే బోర్లా పడుంది. ఆ మెయిల్ ఇంకా తెరవలేదు.