షుగర్ లేకుండానే షుగర్ బిళ్ల

పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండాశయాల్లో వచ్చే సమస్య) అని తేలేనాటికి నాకు నెలసరి ఆగిపోయి చాన్నాళ్లయింది. గడ్డం కింద వెంట్రుకలు, మెడ వెనక నల్లటి చార. ఆ నలుపు మురికనుకుని అమ్మ ఆదివారాలు శనగపిండితో రుద్దేది. స్కానింగ్‌లో అండాశయాల నిండా నీటి బుడగలన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది, షుగర్ లేదు. అయినా డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్ రాసింది.

"పెళ్లి కావాల్సిన పిల్లకి షుగర్ బిళ్లలేంటండీ?" అని అమ్మ అక్కడే అడిగేసింది.

డాక్టరమ్మ విసుక్కోలేదు. కణాలు ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఇంకా తయారుచేసి నెట్టుకొస్తుందట. అందుకే రిపోర్టులో షుగర్ మామూలుగా కనిపిస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాలను రెచ్చగొట్టి మగ హార్మోన్లు పెంచుతుంది. దాంతో అండం పూర్తిగా ఎదగదు, నెలసరి రాదు. మెడ మీది నలుపూ దాని పనే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది, అప్పుడు అంత ఇన్సులిన్ అక్కర్లేదు. 1957 నాటి ఫ్రెంచి మందు ఇది. పీసీఓడీకి వాడి చూసిన ఫలితాలను వెనిజులా పరిశోధకులు 1994లో ప్రచురించారు. డబ్బా మీద మాత్రం ఇప్పటికీ షుగర్ జబ్బు పేరే!

మొదట్లో నరకం చూశాను. కడుపులో తిప్పడం, విరేచనాలు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. ఆఫీసు బస్సెక్కాలంటే భయం. నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ బిళ్లకి మార్చి, రాత్రి భోంచేశాక వేసుకోమన్నాక ప్రాణం కుదుటపడింది. కొన్ని నెలలకి నెలసరి దారిన పడింది, మెడ నలుపు పలచబడింది. ఇందులో రోజూ నడకదెంతో, రాత్రిపూట అన్నం తగ్గించినదెంతో, బిళ్లదెంతో ఎవరు చెప్తారు? గడ్డం వెంట్రుకలు మాత్రం కదల్లేదు, థ్రెడింగే గతి. ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చని అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తున్నారు.

పెళ్లయ్యాక పిల్లల మాట వచ్చింది. దీన్నే నమ్ముకుంటే కుదరదంది డాక్టరమ్మ. అమెరికాలో 626 మందిపై జరిపి 2007లో ప్రచురించిన పరిశోధనలో, అండం విడుదలకిచ్చే క్లోమిఫీన్ వాడినవాళ్లలో 22.5 శాతం మందికి బిడ్డలు పుడితే, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతం మందికే పుట్టారట. అందుకని ఇప్పుడు అండం విడుదలకే వాడే లెట్రోజోల్ మొదలుపెట్టారు. అదీ అసలు రొమ్ము క్యాన్సర్ మందే. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. మెట్‌ఫార్మిన్ ఆపొద్దన్నారు. మామయ్యగారికి షుగర్, ఆయనదీ ఇదే బిళ్ల. అత్తగారు ఇద్దరికీ కలిపి నెలకోసారి తెప్పించేస్తున్నారు.